కొత్త కిడ్నీకి మేనమామ చిట్కాలు

నరసరావుపేటలో నాకు ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. 30 ఏళ్ళుగా మిరపకి ఏ మందు కొట్టాలో, పత్తికి డబ్బాకి ఎన్ని మూతలు కలపాలో చెబుతున్నది నేనే. 2021లో నల్ల తామరపురుగు మిరప తోటల మీద పడినప్పుడు రైతులు పొద్దున ఆరింటికే నా కొట్టు ముందు నిలబడేవాళ్ళు. నేను రాసిచ్చిన మందులన్నీ కొట్టారు. పురుగు పోలేదనుకోండి, అది పురుగు మొండితనం. సలహాలో లోపం లేదు.

ఇంత అనుభవం పెట్టుకుని మొక్కల దగ్గరే ఆగిపోవడం దేనికని మూడేళ్ళుగా కిడ్నీల మీద కూడా దృష్టి పెట్టాను. కారణం మా మేనల్లుడు. మాచర్ల పక్క పల్లెలో వాడికి నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి. బీపీని పట్టించుకోక, నడుంనొప్పికి మెడికల్ షాపు బిళ్ళలు మింగీ మింగీ 34 ఏళ్ళకే రెండు కిడ్నీలూ పోగొట్టుకున్నాడు. రెండేళ్ళపాటు వారానికి మూడుసార్లు డయాలసిస్. చివరికి వాళ్ళమ్మ, అంటే మా చెల్లెలు, తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఆపరేషన్ గుంటూరులో ఆరోగ్యశ్రీ కింద జరిగింది. ఇవాళ్టికి వాడి క్రియాటినిన్ 1.2.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ మూడేళ్ళలో వాడు నా సలహా ఒక్కటంటే ఒక్కటి పాటించలేదు. పాటించకపోతేనే 1.2 ఉంది. పాటించి ఉంటే ఎంత ఉండేదో మీరే లెక్క వేసుకోండి.

ఆ బాధతోనే ఇవి రాస్తున్నాను. కిడ్నీ మార్పించుకున్నవాళ్ళూ, వాళ్ళ చుట్టాలూ కత్తిరించి దాచుకోవచ్చు. వాడికి వైద్యం చేస్తున్న గుంటూరు డాక్టరమ్మ చెప్పిన అభ్యంతరాలు కూడా, దాచానన్న మాట రాకుండా, పక్కనే రాశాను. చదివి వదిలేయండి.

1. అమ్మ కిడ్నీకి మందులు అక్కర్లేదు

తొమ్మిది నెలలు మోసిన కడుపు. ఆ కడుపులో పెరిగినవాడు, అదే కడుపులోంచి తీసిన కిడ్నీని పరాయిదంటాడా?

నా దగ్గర రుజువు కూడా ఉంది. 1954 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్‌లో జోసెఫ్ మర్రే అనే సర్జన్ కవలల్లో ఒకడి కిడ్నీ తీసి రెండోవాడికి పెట్టాడు. ప్రపంచంలో గట్టిగా నిలబడిన మొదటి కిడ్నీ మార్పిడి అదే. 1990లో ఆయనకి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇప్పుడు మనవాళ్ళు పిడికెళ్ళతో మింగుతున్న మందులు ఆ రోజుల్లో లేనే లేవు. అయినా కిడ్నీ పనిచేసింది. ఇంట్లోవాళ్ళ కిడ్నీకి మందులక్కర్లేదని దీంతో తేలిపోయింది కదా!

ఇదే మాట డాక్టరమ్మతో అంటే, "వాళ్ళు ఒకే అండం నుంచి పుట్టిన కవలలండీ" అంది. మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అని గుర్తులుంటాయట. సగం తల్లి ఇస్తుంది, సగం తండ్రి ఇస్తాడు. ఒకే అండం కవలలకి అన్నీ ఒకటే. మామూలు అన్నదమ్ములకైతే మొత్తం కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. తల్లికీ బిడ్డకీ ఖాయంగా కలిసేది సగమే.

నాకు విషయం ఇట్టే బోధపడింది. "అంటే కలవని సగం మా బావ వైపుదన్నమాట. నేను పెళ్ళిచూపుల నాడే చెప్పాను..." అన్నాను.

"కాదండీ. కిడ్నీ మీ చెల్లెలిగారిది. దాని మీద ఆవిడ గుర్తులు రెండు సగాలూ ఉంటాయి. కొడుక్కి దక్కింది అందులో ఒక సగం. దక్కని రెండో సగమే అతని ఒంటికి పరాయిది. గొడవ మీ బావగారి వైపు నుంచి రాలేదు, మీ వైపు నుంచే వచ్చింది."

చదువుకున్నవాళ్ళకి చుట్టరికాలు తెలియవు. ఆ చర్చ అక్కడితో ఆపేశాను.

2. రోగనిరోధక శక్తిని పెంచండి

ఇది నేను కనిపెట్టిన మాట కాదు, కరోనా రోజుల్లో దేశమంతా చెప్పిన మాట. అందుకే వాడు ఇంటికొచ్చిన నాడే తిప్పతీగ కషాయం, అశ్వగంధ పొడి, చ్యవనప్రాశ డబ్బా సంచిలో వేసుకుని మాచర్ల బస్సెక్కాను. తీరా వెళితే, గుంటూరులో వాడి రోగనిరోధక శక్తిని కావాలనే తగ్గిస్తున్నారని తెలిసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పల్నాటివాడి పౌరుషాన్ని తగ్గించడమేంటి!

ఎట్లా తగ్గిస్తున్నారో కూడా ఆరా తీశాను. ఒంట్లో టీ కణాలని కాపలా భటులు ఉంటాయి. పరాయి గుర్తు కంటపడగానే వాటి లోపల కాల్సిన్యూరిన్ అనే మీట పడుతుంది. మీట పడితే ఇంటర్‌ల్యూకిన్-2 అనే కేక బయల్దేరుతుంది. కేక విన్న భటులు ఒకటి పదై, పది వెయ్యై కిడ్నీ మీద విరుచుకుపడతాయి. ట్యాక్రోలిమస్ అనే మందు ఆ మీటని పడనివ్వదు. మైకోఫెనోలేట్ భటుల సంఖ్య పెరగనివ్వదు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొత్తం గొడవ మీద నీళ్ళు చల్లుతుంది. ఇవి చాలవన్నట్టు ఆపరేషన్ సమయంలో భటుల్ని ఊడ్చిపెట్టే ఇంజెక్షన్ ఒకటి ఎక్కించారు. అందులో ఉండేవి కుందేళ్ళ ఒంట్లో తయారైన యాంటీబాడీలట. పల్నాటి పులిని కుందేలు చేత కట్టేయించారు. నలుగురిలో చెప్పుకుంటే పరువేమైనా మిగులుతుందా?

వాడి వెంట గుంటూరు వెళ్ళినప్పుడు డాక్టరమ్మ నా సంచి విప్పి చూసింది. "ఈ శక్తి పెరిగితే ముందు ఎవరి మీద పడుతుందండీ?" అని అడిగింది.

"రోగాల మీద."

"రోగాలు బయటి నుంచి రావాలి. ఇప్పటికే ఒంట్లో కూర్చుని ఉన్న పరాయిది ఏది?"

నేను ఫ్యాను వైపు చూశాను. తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్ళ కేసులు కరోనా కాలంలో ముంబయి డాక్టర్లు రాశారని కూడా అంది. సంచి వెనక్కి తెచ్చుకుని ఆ కషాయం నేనే తాగాను. నాకేమీ కాలేదు. "నీ ఒంట్లో ఎవరి కిడ్నీ ఉందని, అన్నయ్యా?" అంది మా చెల్లెలు. దానికి చిన్నప్పటి నుంచీ ఎదురు మాట్లాడటం అలవాటు.

3. మాత్రలకి అప్పుడప్పుడు సెలవివ్వండి

పొద్దున 8కి, రాత్రి 8కి. ఆదివారం లేదు, సంక్రాంతి లేదు, బతికినంత కాలం. పైరుకి కూడా ఏడాది పొడుగునా మందు కొట్టం. మనిషికి కొడతామా?

ఈ విషయంలో నేను మాటలతో సరిపెట్టలేదు. రోజూ రాత్రి సరిగ్గా 8 గంటలకి వాడికి ఫోన్ చేస్తాను. "అల్లుడూ, మాత్ర టైమైంది. ఇవాళ్టికి మానెయ్యరా" అంటాను. పెళ్ళి భోజనంలో ఉన్నా, కొట్టులో రైతులున్నా ఫోన్ మాత్రం తప్పనివ్వను. మూడేళ్ళలో నేను ఒక్క రోజు ఫోన్ మానలేదు, వాడు ఒక్క రోజు మాత్ర మానలేదు. అంత మొండిఘటం.

"ఒకటి రెండు రోజులు మానితే కిడ్నీ ఊడిపోతుందా?" అని డాక్టరమ్మని నిలదీశాను. ఆవిడ నన్ను చూసి, "మీది పల్నాటి యుద్ధం జరిగిన కారంపూడి వైపు కదండీ. పగ సంగతి నేను మీకు చెప్పాలా?" అంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఒళ్ళు కాలినవాళ్ళకి వేరేవాళ్ళ చర్మం అతికించి చూశారట. మొదటిసారి అతికిన చర్మం కొన్నాళ్ళుండి రాలిపోయింది. అదే మనిషి చర్మం రెండోసారి అతికిస్తే ఇంకా తొందరగా రాలిపోయింది. ఒళ్ళు గుర్తుపెట్టుకుందన్నమాట. దాని వెనకున్న సంగతి పట్టుకున్న పీటర్ మెడావర్‌కి 1960లో నోబెల్ వచ్చింది. మాత్ర తప్పిన రోజుల్లో ఏ భటుడికో మెలకువ వచ్చిందంటే ఆ జ్ఞాపకం ఇక పోదు. కిడ్నీ ఇచ్చినవాళ్ళ గుర్తుల మీదే గురిపెట్టి యాంటీబాడీలు తయారవుతాయి. అవి ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా కిడ్నీని తినేస్తాయి. డయాలసిస్‌లో ఎక్కించిన రక్తం వల్లా, ఆడవాళ్ళకైతే కాన్పుల వల్లా కూడా ముందే ఇట్లాంటి పగలు పుట్టి ఉండొచ్చట. అందుకే ఆపరేషన్‌కి ముందు వాడి రక్తాన్ని మా చెల్లెలి కణాలతో కలిపి, కొట్టుకుంటాయేమోనని క్రాస్‌మ్యాచ్ చేసి చూశారు.

"పల్నాట్లో పగలు ఎప్పుడో చల్లారిపోయాయండీ" అన్నాను.

"ఒంట్లో చల్లారవండీ. నిద్రపుచ్చాలి, అంతే. రోజుకి రెండుసార్లు."

దీనికి అనుబంధంగా ఒక చిట్కా. రక్తంలో ట్యాక్రోలిమస్ ఎంత ఉందో చూసే పరీక్ష ఒకటి ఉంటుంది. రాత్రి మాత్రకి 12 గంటలయ్యాక, పొద్దున మాత్ర వేసుకోక ముందు రక్తం ఇవ్వమంటారు. మీరు మాత్ర వేసుకునే వెళ్ళండి. అంకె పెద్దది వస్తుంది, మెచ్చుకుంటారు. అట్లా వచ్చిన దొంగ అంకె చూసి మోతాదు తగ్గిస్తే భటులు లేస్తాయని డాక్టరమ్మ అంటుంది. నిజంగానే మందు ఎక్కువైతే చేతులు వణుకుతాయట, కాపాడాల్సిన కిడ్నీకే దెబ్బట. మా వాడు పిరికివాడు. తెల్లవారుజామునే బయల్దేరి గుంటూరు వెళతాడు. రక్తం ఇచ్చి, మోచేతి మడతలో దూది నొక్కి పట్టుకుని ల్యాబ్ బయట బెంచీ మీద కూర్చుంటాడు. అప్పుడు చొక్కా జేబులోంచి చిన్న స్టీలు డబ్బా తీస్తాడు. మా చెల్లెలి కుంకుమ భరిణె అది. అందులోంచి క్యాప్సూల్ ఒకటి అరచేతిలో వేసుకుని, గోడ గడియారం వైపు చూసి మింగుతాడు. చూడలేక నేను తల పక్కకి తిప్పుకుంటాను.

4. మట్టి మనిషిని మట్టిలోనే ఉంచండి

ఇది నా పరిశోధనల్లో మేటి. ఆ ఖరీదైన ట్యాక్రోలిమస్ ఎక్కణ్ణుంచి వచ్చిందనుకుంటున్నారు? జపాన్‌లో సుకుబా అనే ఊరి మట్టిలో ఉండే సూక్ష్మజీవి నుంచి 1984లో తీశారు. దానికి ముందు వాడిన సైక్లోస్పోరిన్ నార్వే కొండల మట్టిలో దొరికిన బూజు నుంచి వచ్చింది. మట్టే మందన్నమాట! జపాన్ మట్టికి అంత గుణముంటే మన నల్లరేగడికి ఎంత ఉండాలి?

కాబట్టి మేనల్లుణ్ణి మిరప కల్లంలోకి దిగమన్నాను. అకాల వానకి తడిసి, మీద పట్టా కప్పి ఉంచిన మిరప కుప్ప ఎప్పుడైనా చూశారా? పట్టా తీయగానే వెచ్చటి ఆవిరి మొహానికి కొడుతుంది. కాలితో కాయ తిరగేస్తే బూడిదరంగు పొడి మోకాలి ఎత్తున లేస్తుంది. నాకు ఆ వాసన పడితేగానీ పండగ వచ్చినట్టుండదు.

డాక్టరమ్మ లెక్కలో ఆ పొడి బూజు విత్తనాలట. మామూలు మనిషి పీల్చి తుమ్మి మర్చిపోతాడు. భటుల్ని నిద్రపుచ్చుకున్నవాడి ఊపిరితిత్తుల్లో ఆస్పర్జిల్లస్ మొలకెత్తుతుంది. పెంట కుప్ప, పాత గడ్డివాము, పావురాల రెట్ట, అన్నింటికీ ఇదే పాట. దానికొక క్యాలెండరు కూడా ఉంది. మొదటి నెల కుట్లకీ, మూత్రానికీ పట్టే ఇన్‌ఫెక్షన్లు. ఒకటో నెల నుంచి ఆరో నెల దాకా సీఎంవీ అనే వైరస్, న్యుమోసిస్టిస్ అనే ఊపిరితిత్తుల రోగం, వీటి అదును. వాటిని ఆపడానికే ఆ నెలల్లో వేరే మాత్రలు కూడా ఇస్తారు. ఆర్నెల్లు దాటాక ఊళ్ళో అందరికీ వచ్చే జలుబూ దగ్గూనే వస్తాయి, కాకపోతే వీళ్ళకి ఎక్కువ బలంగా వస్తాయి. క్షయకి మాత్రం మన దేశంలో క్యాలెండరు లేదు, ఎప్పుడైనా లేవొచ్చు.

ఇప్పుడు మా వాడు కల్లానికి దూరంగా వేపచెట్టు కింద మూతికి మాస్కు పెట్టుకుని కుర్చీలో కూర్చుంటాడు. అక్కణ్ణుంచే మిరప టిక్కీలు, అంటే బస్తాలు, లెక్కపెడతాడు. కూలీలు వాణ్ణి "కలెక్టరు గారు" అంటున్నారు. మా వంశంలో కుర్చీలో కూర్చుని వ్యవసాయం చేసినవాడు లేడు.

5. చాపకూడు వదలొద్దు

కార్తీక అమావాస్య నుంచి కారంపూడి వీరుల ఉత్సవాలు ఐదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు చాపకూడు. బ్రహ్మనాయుడు కులం అడగకుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించిన కూడు. ఎనిమిది వందల ఏళ్ళు దాటినా మా నేల మరిచిపోని ముద్ద. ఆ ముద్ద తింటే రోగమొస్తుందంటే నేను ఒప్పుకోను.

మా చెల్లెలు ఒప్పుకోలేదు. ఆపరేషన్ అయిన మొదటి ఏడు వాణ్ణి ఉత్సవానికే పంపలేదు. రెండో ఏడు తను వెంట వచ్చింది, క్యారేజీ పట్టుకుని. పొగలు కక్కే అన్నం, ఉడికిన పప్పు, కాచి చల్లార్చిన నీళ్ళు. పచ్చి పచ్చడి లేదు, బండి మీద కోసిపెట్టిన పుచ్చకాయ ముక్క లేదు. జనం పలచగా ఉన్న చోట కూర్చోబెట్టి తినిపించి, ఎండెక్కకముందే బండెక్కించింది. కోటప్పకొండ తిరునాళ్ళకీ అంతే. ప్రభలు పోతుంటే మా మేడ మీద నుంచి దణ్ణం పెట్టుకున్నాడు. మేడ దిగి కొండ దగ్గరికి వెళ్ళి, ఆ తొక్కిసలాటలో పడి, నలుగురి దగ్గు మన మీద వేయించుకుంటేగానీ శివుడు కరుణించడని ఎంత చెప్పినా వినలేదు.

చాపకూడు సంగతి డాక్టరమ్మకి ఫిర్యాదు చేశాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఈ మందులు చేస్తున్నది అదేనండీ" అంది. "వేరే పుట్టుక ఉన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని కలిసి తినమని ఒంటికి చెప్పడం. బ్రహ్మనాయుడు ఊరికి చెప్పింది మేం రక్తానికి చెబుతున్నాం. ఊరు ఎంత తేలిగ్గా విందో మీకే తెలుసు. రక్తం కూడా అంతే వింటుంది. అందుకే రోజూ చెప్పాలి."

"చాపకూడు మనుషులకండీ, కిడ్నీలకి కాదు" అన్నాను గట్టిగా.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. గ్యాసు అయ్యుంటుంది.

6. చిన్న చిన్న వాటికి గుంటూరు ఫోన్ చేయొద్దు

ఊళ్ళో మెడికల్ షాపు పెట్టింది దేనికి? నొప్పికి డైక్లోఫెనాక్, దగ్గుకి ఏదో ఒక యాంటీబయాటిక్, ఒంటి మీద తామరకి ఫ్లూకొనజోల్ తెచ్చుకోవడమే. ఆ నొప్పి బిళ్ళలే వాడి మొదటి రెండు కిడ్నీలకి ఎసరు పెట్టాయని డాక్టరమ్మ అంటుంది. జరిగిపోయినవి తవ్వుకోవడం నాకిష్టం ఉండదు.

ఆవిడ ఇంకో మాట అంది. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్ వేసుకుంటే రక్తంలో ట్యాక్రోలిమస్ పెరుగుతుంది. పంపరపనస తిన్నా పెరగొచ్చు. విరేచనాలు పట్టుకున్నా పెరగొచ్చు. క్షయకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకి వాడే ఫెనిటాయిన్ వేసుకుంటే పడిపోతుంది.

నాకు నవ్వొచ్చింది. ఇంతోటిదానికి భయమా? పెంచేదొకటి, తగ్గించేదొకటి కలిపి మింగితే సరి. మిరపకి నేను రోజూ చేయించేది ఇదే, నాలుగు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టించడం. ఈ మాట చెప్పినప్పుడు డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి రెండు చేతులతో మొహం రుద్దుకుంది. పాపం, పని ఒత్తిడి.

టీకాల్లోనూ ఇదే చాదస్తం. బతికున్న క్రిములతో చేసేవి, అంటే ఆటలమ్మ టీకా, ఎంఎంఆర్, బీసీజీ లాంటివి వేయించకూడదట. చచ్చిన క్రిములతోనో, వాటి ముక్కలతోనో చేసిన ఫ్లూ, న్యుమోనియా, హెపటైటిస్-బి టీకాలు మాత్రం అడిగి మరీ వేయించుకోవాలట. అయినా వీళ్ళ ఒంట్లో టీకా అందరికీ పట్టినంత బాగా పట్టదు. కరోనా టీకా రెండు డోసులు చాలక వీళ్ళకి మూడోది కూడా కావాలన్నది అందుకే. నా సలహా తేలిక. బతికున్నదైతే బలంగా ఉంటుంది, అదే వేయించుకోండి.

7. నొప్పి లేకపోతే పరీక్షలు దండగ

ముందుగా ధైర్యం తెచ్చుకోండి. మీకు ఇప్పుడు మూడు కిడ్నీలు. పాతవి రెండూ సాధారణంగా తీయరు, వెనక అట్లాగే ఉంటాయి. కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన పెడతారు. మూడెడ్ల బండి తోలేవాడికి ఒక ఎద్దు కుంటితే భయమా? (ముందున్న రెండూ ఎప్పుడో పడిపోయాయని మా మేనల్లుడు గుర్తుచేస్తాడు. వాడికి ఉపమానాలు అర్థం కావు.)

నొప్పి లేదంటే జబ్బు లేదని మా తాత చెప్పేవాడు. కొత్త కిడ్నీకి నరాలు తెగిపోయి ఉంటాయి కాబట్టి, లోపల యుద్ధం జరుగుతున్నా నొప్పి తెలియకపోవచ్చని డాక్టరమ్మ చెబుతుంది. జ్వరం కూడా నమ్మదగ్గది కాదట, స్టెరాయిడ్ దాన్ని అణిచేస్తుంది. మామూలు మనిషికి 102 వచ్చే చోట వీళ్ళకి 99 దగ్గరే ఆగొచ్చు. కాబట్టి కొంచెం ఒళ్ళు వెచ్చబడినా పరుగెత్తుకు రమ్మంటుంది. లోపలి సంగతి చాలాసార్లు క్రియాటినిన్ అంకె ఒక్కటే చెబుతుంది. 1.2 కాస్తా 1.6 అయితే మనం నవ్వి ఊరుకుంటాం. ఆవిడ మంచం ఎక్కించి బయాప్సీ సూది బయటికి తీస్తుంది.

ఎందుకంటే ఆ అంకె పెరగడానికి ఉండే కారణాల్లో ఒకదానికొకటి ఎదురైనవి రెండు ఉన్నాయి. ఒకటి, భటులు లేచి కిడ్నీ మీద పడటం. అప్పుడు మందు పెంచాలి. రెండోది, భటులు మరీ గాఢంగా నిద్రపోవడం వల్ల బీకే అనే వైరస్ కిడ్నీలో కాపురం పెట్టడం. అప్పుడు మందు తగ్గించాలి. బయటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, వైద్యాలు మాత్రం ఎదురెదురు. ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూస్తేగానీ ఏదో తేలదు. దానికి కూడా ప్రపంచమంతా ఒప్పుకున్న కొలమానం ఉంది. కెనడాలో బాన్ఫ్ అనే ఊళ్ళో 1991లో కూర్చుని రాసుకున్నారు కాబట్టి ఆ ఊరి పేరే పెట్టారు.

ఇంత తతంగం అక్కర్లేదు. ఒక రూపాయి బిళ్ళ ఎగరేయండి. బొమ్మ పడితే పెంచండి, బొరుసు పడితే తగ్గించండి. నల్ల తామరపురుగు నాడు నేను కొట్టులో చేసింది అదే.

8. మొహం గుండ్రబడితే దిష్టి తీయండి, స్వీట్లు పెట్టండి

ఆపరేషన్ అయిన మూడో నెలకి వాడి బుగ్గలు నిండాయి. కోలుకున్నాడని ఊరంతా సంతోషించాం. స్టెరాయిడ్ వల్ల వచ్చిన ఉబ్బని, అదీ, ట్యాక్రోలిమసూ కలిసి కొత్తగా షుగరు తెప్పించొచ్చని డాక్టరమ్మ అంది. నేను అప్పటికే రెండు కిలోల కాజాలు పంచేశాను. రెంటచింతల ఎండలకి కాజా తిని నీళ్ళు తాగకుండా తిరిగితే ఒళ్ళు గట్టిపడుతుందని నా నమ్మకం. ఎండిన కిడ్నీ గట్టిపడదట, ముడుచుకుంటుందట. మా చెల్లెలు వాడి నడుముకి నీళ్ళ సీసా కట్టి పంపుతోంది. తనూ ఒక్క కిడ్నీ మనిషే కాబట్టి ఏటా పరీక్షలు చేయించుకుంటోంది. తల్లీకొడుకులు ఒకరి రిపోర్టు ఒకరికి చదివి వినిపించుకుంటారు. ఇంట్లో వేరే కబుర్లే లేవు.

9. ఆఖరి చిట్కా: మేనమామ ఫోన్ ఎత్తొద్దు

ఇది అయిష్టంగా రాస్తున్నాను. మొన్న మే నెలలో మాచర్ల వైపు గాలివాన వచ్చింది. రాత్రి 8 గంటలకి ఎప్పటిలాగే ఫోన్ చేశాను. కలవలేదు. 8.05కి చేశాను. 8.10కి చేశాను. మా చెల్లెలి ఫోనూ అంతే. వాళ్ళిద్దరిదీ ఒకే కంపెనీ, టవరు పడిపోయి ఉంటుంది.

నిజానికి నేను సంబరపడాలి. ఈ ఒక్క పూటైనా వాడు మాత్ర మరిచిపోయి ఉంటాడు. మూడేళ్ళ నా శ్రమ ఫలించినట్టే. కానీ ఎందుకో కాళ్ళు చల్లబడ్డాయి. కొట్టు షట్టరు సగం దించి అట్లాగే నిలబడిపోయాను. వాళ్ళ వీధి చివర కిరాణా కొట్టాయన నంబరు గుర్తొచ్చింది, ఆయనది వేరే కంపెనీ. ఒకసారి విత్తనాల బాకీ కోసం తిట్టుకున్నాం, రెండేళ్ళుగా మాటల్లేవు. ఆయనకే చేశాను.

"బాబాయ్, ఒక్క సాయం. మా అల్లుడింటికి వెళ్ళి, మాత్ర వేసుకున్నాడో లేదో కనుక్కుని చెప్పు."

ఆయన ఏమీ అడగలేదు. వానలో టార్చి పట్టుకుని వెళ్ళాడు. 8.40కి ఫోన్ వచ్చింది. "వేసుకున్నాడంట. ఎనిమిదింటికే వేసుకున్నాడంట. నీ ఫోన్ రాలేదని నీకే ఏదైనా అయిందేమోనని వాళ్ళమ్మా వాడూ గుమ్మంలో నిలబడి ఉన్నారు."

ఆ వార్త విని నేను చాలా నిరాశపడ్డాను. నిరాశతోనే షట్టరు దించి, ఇంటికెళ్ళి, చెంబెడు మజ్జిగ తాగి పడుకున్నాను.

ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.